ప్రారబ్ధం అనే ముందు

పక్షవాతంతో పడిపోయిన మనిషికి నడుము కింద చర్మం నల్లబడగానే మా వార్డులో రెండు మాటలు వినబడతాయి. హిందువులైతే "ప్రారబ్ధం సిస్టరమ్మా, అనుభవించాల్సిందే" అంటారు. మా సంఘం వాళ్ళయితే "దేవుని చిత్తం" అంటారు. రెండూ కళ్ళనీళ్ళతో, భక్తితోనే అంటారు. నేను గుంటూరు జిల్లాలో చర్చి గోడ పక్కన పెరిగినదాన్ని, దేవుని చిత్తాన్ని మనసారా నమ్మేదాన్ని. అయినా మంచం మీద కదల్లేక పడివున్న మనిషి వీపు గురించి ఆ మాట అంటే ఒప్పుకోలేను.

అలా నల్లబడ్డ చోట పడే పుండు ఎలా పుడుతుందో ముందు చెప్పాలి. నిద్రలో కూడా మనం తెలియకుండానే ఒత్తిగిలుతూ ఉంటాం. కదల్లేని మనిషికి ఆ భాగ్యం పోతుంది. ఎముకకీ పరుపుకీ నడుమ చిక్కుకున్న కండకి నెత్తురు అందదు. నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర, తల వెనక, ఎక్కడ ఎముక పైకి ఉంటే అక్కడ. చాలాసార్లు చెడడం లోపల, ఎముకని ఆనుకున్న కండలో మొదలవుతుంది. పైకి కనబడేసరికి లోపల ఎంతో పోయి ఉంటుంది. మూత్రం తడి చర్మాన్ని నానబెడుతుంది. జారడం ఇంకా చెరుపు చేస్తుంది. ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబులో జావ పోసేటప్పుడు తలవైపు ఎత్తిపెడతాం, ఎత్తకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. అలా ఎత్తిన మనిషి మెల్లగా కిందికి జారతాడు. చర్మం దుప్పటికి పట్టుకుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం దిగుతుంది. ఆ మధ్యలో సన్నటి నెత్తురు నాళాలు సాగి తెగుతాయి.

మేము చదివిన పుస్తకాల్లో తొలి గుర్తు ఎర్రదనం, వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు. మన నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు దొరకదు. అందుకే చెయ్యి పెట్టి చూడాలి. పక్కనున్న చర్మం కంటే వేడిగా ఉందా, చల్లగా ఉందా? గట్టిపడిందా, మెత్తబడిందా? ముట్టుకుంటే మొహం ముడుచుకుంటోందా? మొదట్లో ఇది డ్యూటీలో ఒక పని అనుకునేదాన్ని. ఇప్పుడు మోకరించి చేసే ప్రార్థనకీ దీనికీ పెద్ద తేడా కనబడదు నాకు. రెండింటిలోనూ మన ఆలోచనలన్నీ పక్కన పెట్టి ఎదుటనున్న దానికి చెవి ఒగ్గాలి.

బైబిల్లో పుండ్ల మనిషి యోబు. అరికాలు నుంచి నడినెత్తి దాకా కురుపులు, బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కున్నాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చారు. బట్టలు చింపుకున్నారు, తలల మీద ధూళి చల్లుకున్నారు, ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ నోరెత్తకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు. అంతవరకూ వాళ్ళ మీద నాకు గౌరవమే. ఆ తర్వాత మొదలుపెట్టారు, నువ్వేదో పాపం చేసి ఉంటావని. అధ్యాయాల కొద్దీ వాదించారు. నేను ఆ గ్రంథం చదివిన ప్రతిసారీ నర్సు కళ్ళతోనే వెతుకుతాను. ఇంతమందిలో ఒక్కరైనా ఆ పుండు కడిగారా? కడిగినట్టు ఎక్కడా లేదు. చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వివరణలు ఇచ్చిన ఆ ముగ్గురి మీద.

భారతం నాకు నేర్పింది ఒక పంతులుగారు. వెన్ను దెబ్బతిని మా వార్డులో చాలాకాలం ఉన్నారు, నడుము కింద స్పర్శ లేదు. ఒకరోజు వాళ్ళ బంధువొకాయన మంచం పక్కన నిలబడి భీష్ముడి కథ ఎత్తుకున్నాడు. ఏదో పాతజన్మలో ఒక ప్రాణిని ముళ్ళమీదికి విసిరినందుకు ఆయనకి అంపశయ్య దక్కిందనీ, అంతటివాడికే తప్పలేదనీ ఓదార్చబోయాడు. పంతులుగారు మంచం మీంచే ఆపారు. "కథ సగమే చెబుతున్నావురా. తల వేలాడిపోతోంది, ఆసరా కావాలని ఆయన అడిగాడు. రాజులు పట్టు దిండ్లు తెచ్చారు. వద్దన్నాడు. అర్జునుడు మూడు బాణాలు నాటి తలకి ఆనుడు చేశాడు. మర్నాడు దాహమంటే భూమిని కొట్టి నీళ్ళు రప్పించాడు. నీ కర్మ, అలాగే పడుండమని ఎవరైనా అన్నారా?" ఆ తర్వాత నాకేసి తిరిగి ప్రారబ్ధం సంగతి వివరించారు. విల్లు వదిలిన బాణం ప్రారబ్ధం, దాన్ని వెనక్కి పిలవలేం. ఇప్పుడు చేతిలో ఎక్కుపెడుతున్నది ఆగామి. "నేను పడిపోవడం నా ప్రారబ్ధమే కావచ్చమ్మా. నన్ను ఒత్తిగిలించకపోతే అది వీళ్ళ ఆగామి."

నాకు వేదాంతం తెలియదు. కానీ ఆ మాటతో ఒకటి తేలిపోయింది. కర్మ అనే మాట ఎవరి నొప్పికి వాళ్ళు చెప్పుకోవచ్చు. పంతులుగారికి ఆ హక్కుంది, ఆయన దాంతో ధైర్యం తెచ్చుకున్నారు. పక్కన నిలబడ్డ మనకి ఆ హక్కు లేదు. మన చేతిలో ఉన్నది దుప్పటి కొస.

విధి మీద నెట్టడం భక్తులొక్కరే చేశారనుకోకండి. 19వ శతాబ్దంలో పారిస్‌లో షార్కో అనే గొప్ప నరాల వైద్యుడు ఈ పుండ్లు నరాలు దెబ్బతినడం వల్లే వస్తాయనీ, అవి చావుకి సూచన అనీ బోధించాడు. వెన్నుపాము తెగిన జంతువులని శుభ్రంగా, ఒత్తిడి పడకుండా ఉంచితే పుండ్లు రావని బ్రౌన్ సెకార్ అనే శాస్త్రవేత్త అంతకుముందే చూపించినా షార్కో మాటే నిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది పుండ్లతో, మూత్రం ఇన్ఫెక్షన్లతో పోయారు. 1944లో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ఈ పుండ్లు తప్పవనే మాటని ఒప్పుకోలేదు. జర్మనీ నుంచి ప్రాణాలతో బయటపడి వచ్చిన యూదు డాక్టరు ఆయన. రేయింబవళ్ళు రెండేసి గంటలకి ప్రతి రోగినీ తిప్పాలన్నాడు. 1948లో అదే ఆసుపత్రి ఆవరణలో 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీలో బాణాలు వేశారు. ఈనాటి పారాలింపిక్స్‌కి మొదలు అదే. విధి అని వదిలేసి ఉంటే ఆ పదహారు మందిలో ఎంతమంది మిగిలేవారో!

అలాగని ప్రతి పుండుకీ ఇంట్లోవాళ్ళని దోషుల్లా చూడడం కూడా అన్యాయమే. ఆఖరి రోజుల్లో గుండె, మూత్రపిండాలు అలిసిపోయినట్టే చర్మమూ అలిసిపోతుంది. ఎంత తిప్పినా, ఎంత శుభ్రంగా ఉంచినా కొందరికి పుండు పడుతుంది. రాత్రంతా మేలుకుని తల్లిని చూసుకున్న కూతురు "నేనేం పాపం చేశాను సిస్టర్" అని అడిగితే, ఏ పాపమూ లేదమ్మా అనే చెబుతాను. అది ఓదార్పు కోసం చెప్పే అబద్ధం కాదు. నయం కాదని తేలాక కూడా చేయాల్సింది ఉంటుంది. బాణాలు తీసే వైద్యులు వస్తే భీష్ముడు సత్కరించి పంపేశాడు గానీ, తలకి ఆనుడూ దాహానికి నీళ్ళూ అడిగాడు. మేమూ అంతే. నయం చేసే డ్రెస్సింగులు ఆపేసినా, పట్టీ మార్చడానికి అరగంట ముందు నొప్పి మాత్ర ఇస్తాం. వాసన రాకుండా మెట్రోనిడజోల్ మాత్ర నూరి పుండు మీద చల్లుతాం. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచుతాం. రెండు గంటల లెక్క పక్కన పెట్టి, ఏ వైపు హాయిగా ఉంటే ఆ వైపు ఉంచుతాం.

రాత్రి డ్యూటీలో నర్సులు తక్కువ, మంచాలు ఎక్కువ. మనిషిని ఈడవకుండా దుప్పటితో ఎత్తి తిప్పాలంటే రెండు వైపులా ఇద్దరు కావాలి. అందుకే రోగితో ఉండే అటెండెంట్లకి మొదటి రోజే నేర్పేస్తాను, కమిలిన చోట స్పిరిట్ పోసి రుద్దొద్దని కూడా గట్టిగా చెబుతాను. మా పాస్టరుగారు ప్రార్థనకి వచ్చినా, పురాణం చెప్పే బంధువు వచ్చినా ముందు ఆ రెండో కొస పట్టుకోమంటాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.