విప్పని పనికి కూలి

వాచీ రిపేరు చేసే మనిషి పనిని మనం చూడలేం. వెనక మూత విప్పాక లోపల ఏం చెడిందో, ఏం బాగుపడిందో చెప్పేది ఆయన ఒక్కడే. మనకు మిగిలేది నమ్మకమే.

తొండియార్‌పేటలో, తిరువొత్తియూరు హైరోడ్డు పక్కన చిన్న కొట్టులో పనిచేసే ఒకాయనను ఊహించుకోండి. రిటైరైన ఒక పెద్దమనిషి వస్తాడు. సింగపూరు నుంచి కొడుకు తెచ్చిన ఆటోమాటిక్ వాచీ, లక్షల ఖరీదు. రాత్రి తీసి పెడితే తెల్లవారేసరికి ఆగిపోతోందని ఫిర్యాదు.

ఈ వాచీకి బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువుంటుంది. చెయ్యి ఆడినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును చుడుతుంది. పూర్తిగా చుట్టుకుంటే చాలా వాటిలో 40 గంటలు, కొత్త రకాల్లో కొన్ని 70 గంటల దాకా నడుస్తాయి. రోజంతా పడక కుర్చీలో గడిపే మనిషి చేతికుంటే పాపం ఏం చుట్టుకుంటుంది? పొద్దున్నే పక్కనున్న కీ ఓ ముప్ఫైసార్లు తిప్పుకుంటే చాలు. పూర్తిగా కీ ఇచ్చినా ఆగితే అప్పుడు విప్పాలి.

మరొకరి వాచీ రోజుకు అయిదారు నిమిషాలు ముందుకు పరిగెడుతుంది. ఏ స్పీకరు పక్కనో పెట్టి ఉంటారు. వెంట్రుకలాంటి హెయిర్‌స్ప్రింగుకు అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే కనుక ఊపు వేగం పెరుగుతుంది. దిక్సూచి దగ్గర పెడితే ముల్లు కదిలి గుట్టు చెబుతుంది. అయస్కాంతం తీసే పరికరం మీద పెడితే క్షణాల్లో పని పూర్తి.

వీటికి ఎంత పుచ్చుకోవాలి? "దీనికేం కాలేదండీ, పొద్దున్నే కీ ఇచ్చుకోండి" అంటే పెద్దమనిషి సంతోషంగా నమస్కారం పెట్టి వెళతాడు. పైసా రాలదు. "అంతా విప్పి ఆయిలు వేయాలి, వారం పడుతుంది" అంటే వేలు వస్తాయి, గొప్ప పనివాడన్న పేరూ వస్తుంది. అక్కర లేకుండా విప్పితే దుమ్ము చేరవచ్చు, నీరు రాకుండా ఆపే రబ్బరు రింగు చెడవచ్చు. అది ఆ పెద్దమనిషికి తెలియదు.

నమ్మి చేతిలో పెట్టిన వస్తువును ఊరికే విప్పడం దొంగతనమే. కడుపు నిండడం లేదన్న సాకు దాన్ని కడగదు. అయితే ఆ అబద్ధానికి ధర కట్టింది మనమే అంటాను నేను. చేతులు ఆడితేనే కూలి అన్నది మన లెక్క. డాక్టరు "మీకే జబ్బూ లేదు" అంటే ఫీజిచ్చి మరీ ఆనందిస్తాం. ముప్ఫై ఏళ్ల అనుభవంతో వాచీ ఆయన అదే మాటంటే మాటసాయం కింద జమ కడతాం. ఆ మాటతో ఇంట్లోకి బియ్యం రావు.

ఇక సెకన్ల పట్టింపు గలవారున్నారు. స్విట్జర్లాండులో 15 రోజులు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల్లో పరీక్షించి క్రోనోమీటరని సర్టిఫికెట్ ఇచ్చే యంత్రానికే సగటున రోజుకు 4 సెకన్ల వెనకబాటు, 6 సెకన్ల ముందడుగు ఒప్పుకుంటారు. (1906లో దేశమంతటికీ ఒకే టైము పెట్టినప్పుడు మన మదరాసు టైమే దాదాపు 9 నిమిషాలు ముందుకు జరిగింది. సూర్యుడేమీ ఫిర్యాదు చేయలేదు.) అయిదు సెకన్ల కోసం ఆ లక్షల వాచీని విప్పమని కూర్చునేవారిని నేనైతే బ్యాటరీ వాచీ కొనుక్కోమంటాను. కొన్ని వందలకే వస్తుంది, నెలకు 15 సెకన్లు అటూ ఇటూగా నడుస్తుంది.