చెల్లెలి వేషం

పూర్వం ఏథెన్స్ నగరంలో ఒక నాటక కవి ఉండేవాడు. ఆ ఊళ్ళో ఏటా వసంతకాలంలో డయొనైసస్ దేవుడి ఉత్సవం జరిగేది. ఆ రోజుల్లో జనం తెల్లవారుజామునే లేచి, తినడానికి ఏదో ఇంత మూట కట్టుకుని, అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలు మీద చెక్కబల్లల వరసల్లో కూర్చునేవారు. పొద్దు పొడిచేసరికి నాటకం మొదలైపోయేది. ముగ్గురు కవులు పోటీపడేవారు. ఒక్కొక్కరూ మూడు విషాద నాటకాలూ, వాటి వెనక నవ్వులాట ఒకటీ ఆడించాలి. పది తెగల నుంచి తెగకొకరు చొప్పున పదిమంది కూర్చుని ఎవరు గెలిచారో తేల్చేవారు.

ఆ ఏడు మన కవికి పోటీలో చోటు దొరికింది. అక్కడి పద్ధతి ప్రకారం ఊళ్ళో డబ్బున్న పెద్దమనిషి ఒకడు కోరస్ ఖర్చు తన నెత్తిన వేసుకోవాలి. కోరస్ అంటే పదిహేను మంది పాటగాళ్ళు. వాళ్ళ తిండీ, బట్టలూ, నెలల తరబడి సాధనా అన్నీ ఆయన మీదే. ఒకరకంగా అదీ పన్నే. కాకపోతే పన్ను కట్టినవాడికి ఎవరూ చప్పట్లు కొట్టరు, దీనికి కొడతారు. అందుకని పెద్దమనుషులు గొణుక్కుంటూనే ముందుకొచ్చేవారు. వేషగాళ్ళు మాత్రం ముగ్గురే. కథలో ఎంతమంది ఉన్నా ఆ ముగ్గురే మాస్కులు మార్చుకుంటూ నడిపించుకు రావాలి. ఆడవేషాలూ వాళ్ళవే. మొదటి వేషగాడికి పెద్ద పేరు ఉండేది. మూడోవాడు దూతగానో ముసలి నౌకరుగానో వచ్చి, చెప్పవలసింది చెప్పి వెళ్ళిపోయేవాడు.

కవి ఎంచుకున్న కథ అందరికీ తెలిసినదే. యుద్ధం గెలిచి ఇంటికి వచ్చిన రాజును భార్యా, ఆమె ప్రియుడూ కలిసి చంపారు. ఆ ప్రియుడే రాజ్యం ఏలుతున్నాడు. రాజు కూతురు ఆ ఇంట్లోనే ఉంది. ఏళ్ళు గడిచినా తండ్రి కోసం ఏడుపు ఆపలేదు. చంపినవాళ్ళను మొహం మీదే తిట్టేది. దూరదేశంలో పెరుగుతున్న తమ్ముడు ఎప్పటికైనా వస్తాడని, పగ తీరుస్తాడని ఎదురుచూసేది. కవికి ఆ పిల్ల అంటే వల్లమాలిన గౌరవం. ఆమె ఎంత గట్టిదో చూపించి ఊరంతటినీ కదిలించాలని అతని కోరిక.

అందుకని ఆమెను పొగిడే పాటలు రాశాడు. ఆమె ధైర్యం మీద ఒకటి, ఆమె ఓర్పు మీద ఒకటి, ఆమె పితృభక్తి మీద ఇంకోటి. పదిహేను గొంతులూ కలిపి వాటిని పాడాయి. జంట పిల్లనగ్రోవి ఊదేవాడు ఊపిరి బిగపట్టి ఊదాడు. మొదటి వేషగాడు చేతులెత్తి గంభీరంగా విలపించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి గాని, సాధన చూడవచ్చినవాళ్ళు కాసేపటికి పక్కవాళ్ళతో మాటల్లో పడ్డారు. కవి ఇంకో పాట కలిపాడు. ఈసారి చూడవచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

ఈలోగా ఖర్చు పెడుతున్న పెద్దమనిషి కంట ఒక సంగతి పడింది. మూడో వేషగాడు సగం నాటకం దాకా గోడకు చేరగిలబడి ఊరికే కూర్చుంటున్నాడు. అతనికి ఇచ్చే సొమ్ము నగరానిది, పెద్దమనిషిది కాదు. అయినా డబ్బు లెక్క తెలిసినవాడికి ఎవరు ఊరికే కూర్చున్నా కళ్ళమంటే. వాడికీ ఏదో ఒక వేషం రాయమని కవిని పోరాడు.

పోరు పడలేక కవి రాత్రికి రాత్రి కథానాయికకు ఒక చెల్లెల్ని రాశాడు. ఎలాగూ నింపడానికి రాస్తున్నదే కాబట్టి ఆ పిల్లను పిరికిదిగా, తిండిపోతుగా, నగలంటే పడిచచ్చేదిగా రాశాడు. అక్క ఏడుస్తుంటే ఈమెకు భోజనానికి వేళ మించిపోతుందన్న బెంగ. జనం దీన్ని చూసి నవ్వుతారని, ఆ నవ్వులోంచి అక్క మీదికి చూపు తిప్పగానే ఆమె మరింత ఎత్తుగా కనిపిస్తుందని అనుకున్నాడు.

మర్నాడు రెండో వేషగాడు సరదాకి ఆ చెల్లెలి మాటలు చదివి చూపించాడు. కోరస్‌లో వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎంతసేపు నవ్వారంటే, తరవాత అక్క ఏం చెప్పిందో ఒక్కరూ వినలేదు.

ఆ మీదట వేషం మూడోవాడి చేతికి వచ్చింది. అతను వయసు మళ్ళినవాడు. గొంతు మంద్రం. పైగా అతనికి నవ్వించడం చేతకాదు. చేతనైతే ఆ వయసుకి విషాద నాటకాల్లో మూడో వేషం కట్టుకుంటూ ఎందుకుంటాడు! హాస్యంగా రాసిన మాటల్ని హాస్యమని గుర్తించకుండానే తిన్నగా, నిదానంగా చెప్పుకుపోయాడు. అలా చెబుతుంటే అవి వేరే మాటల్లా వినిపించాయి. నాన్న పోయాడు, ఎంత ఏడ్చినా రాడు. కత్తులు వాళ్ళ దగ్గరున్నాయి, మనం ఇద్దరం ఆడపిల్లలం. తలవంచుకుని ప్రాణం నిలుపుకుంటే తమ్ముడు వచ్చిన రోజున ఆ ఇంట్లో అతని మనుషులంటూ ఇద్దరు మిగులుతారు. వేళకు తినమని పోరిందీ అక్క చిక్కిపోతున్నదనే. ఆమె చెప్పినదంతా ఇంతే. కోరస్‌లో ఒక్కరూ నవ్వలేదు.

తరవాత అక్క జవాబు చెప్పాలి. కవి అందులో ఒక్క అక్షరం మార్చలేదు. చంపినవాళ్ళను తిట్టిన నోటితోనే ఆమె చెల్లెల్నీ తిట్టింది, తండ్రిని అమ్ముకు తింటున్నావంది, ఇక నువ్వు నాకేమీ కావంది. చెల్లెలు ఎదురు మాట్లాడలేదు. మాస్కు కదలదు కదా, అయినా ఆ మాస్కు వెనక మనిషి ఏడుస్తున్నట్టే ఉంది చూసేవాళ్ళకు. పిల్లనగ్రోవి ఊదేవాడు తన వంతు వచ్చినా ఊదడం మరిచాడు.

సాధన అయ్యాక కోరస్‌లో వాదన పుట్టింది. అక్కది గుండె అంటే గుండె అన్నాడు ఒకడు. అదే గుండె రాయి కూడానన్నాడు ఇంకొకడు. చెల్లెలి మాట వింటే ఏం పోయిందని మరొకడు, వింటే ఆ ఇంట్లో హత్య మామూలు సంగతి అయిపోయేదని నాలుగోవాడు. ఇన్ని నెలలుగా ఆమెను పొగుడుతూ పాడినవాళ్ళు ఆమె గురించి మాట్లాడుకోవడం అదే మొదలు.

మొదటి వేషగాడికి ఇది నచ్చలేదు. ఇన్నాళ్ళూ మచ్చలేని వేషం తనది, నిన్న రాసిన చెల్లెలి వల్ల ఇప్పుడు దాన్ని రాయి అంటున్నారు. అతను కవి దగ్గరికి వెళ్ళి గోల చేశాడు. కవికీ మనసులో కష్టంగానే ఉంది. తాను అంత ప్రేమగా రాసుకున్న పిల్ల నోట అంత కఠినమైన మాట ఉన్నట్టు అతనికి నిన్నటిదాకా తెలియదు. రాసింది మాత్రం తనే. చెల్లెల్ని కొట్టేశాడు.

చెల్లెలు లేకుండా మళ్ళీ ఆడారు. అవే మాటలు, అదే వేషగాడు. అక్క మళ్ళీ మచ్చలేనిదైంది. కోరస్‌లో ఇద్దరు ఆవలించారు. పెద్దమనిషి నిద్రపోయాడు.

కవి ఆ రాత్రి చాలాసేపు కూర్చుని, చెల్లెల్ని తిరిగి తెచ్చాడు. ఆమె మాటల్లో హాస్యం కోసం ఇరికించినవన్నీ తీసేశాడు. నగలూ తిండియావా పోయాయి, భయం మాత్రం ఉంచాడు, భయపడడానికి కారణాలూ ఉంచాడు. ఆమెకు కూడా తండ్రి సమాధి దగ్గరకు వెళ్ళే అలవాటు ఉన్నట్టు రెండు మాటలు కలిపాడు. తరవాత ధైర్యం మీది పాటా, ఓర్పు మీది పాటా, పితృభక్తి మీది పాటా మూడూ కొట్టేశాడు. కష్టపడి కట్టిన బాణీలు పోతున్నాయని కోరస్ వాళ్ళు మొత్తుకున్నా వినలేదు. నన్నడిగితే ఈ కథలో కవి చేసిన అసలు సాహసం ఇదే. పాత్రను కలపడం తేలిక, పొగడ్తను తీసేయడం చాలా కష్టం.

ఉత్సవం వచ్చింది. నాటకం ఆడారు. పోటీలో కవికి రెండో స్థానం దక్కింది. క్రీ.పూ. 449 నుంచి ఆ ఉత్సవంలో విషాద నాటకాల మొదటి వేషగాళ్ళకు కూడా వేరే పోటీ ఉండేది. ఆ బహుమతి అక్క వేషం కట్టినవాడికి వచ్చింది. అంతకుముందు గోల చేసినవాడే కిరీటం పెట్టుకుని ఊరేగాడు. మూడో వేషగాడికి అసలు పోటీయే లేదు. అతను చెల్లెలి మాస్కు తీసేసి దూత మాస్కు తగిలించుకుని, మిగతా నాటకంలో తన పని తాను చేసుకుపోయాడు. సాయంత్రం కొండ దిగుతున్న జనం అక్క పక్షం కొందరు, చెల్లెలి పక్షం కొందరు అయి, దారి పొడుగునా తగువులాడుకుంటూనే ఇళ్ళకు చేరారు.

ఈ కథలో నీతి ఏమిటంటే, ఒక మనిషి ఎలాంటిదో చూడాలంటే అదే దెబ్బ తగిలి, అదే ఇంట్లో ఉండి, వేరే దారి పట్టిన మనిషి పక్కన ఉండాలి. ఆ రెండో మనిషి మాటలోనూ న్యాయం ఉండాలి, లేకపోతే మొదటి మనిషి దేన్ని కాదనుకుందో మనకు తెలియదు, అందుకోసం ఎంత కరకుగా మారిందో కూడా తెలియదు. గ్రీకు నాటక కవి సోఫోక్లీస్ తన ఆంటిగొని పక్కన ఆమె సోదరి ఇస్మేన్‌ను నిలిపింది ఇందుకే. మన కవి ఎంచుకున్న కథలోని రాజు కూతురి పేరు ఎలక్ట్రా. మరో గ్రీకు కవి ఎస్కిలస్ క్రీ.పూ. 458లో ఆడించిన నాటకంలో ఆమె పక్కన సోదరి ఎవరూ రంగం మీదికి రారు గాని, అదే కథ రాస్తూ సోఫోక్లీస్ క్రిసోథెమిస్‌ను తెచ్చాడు, తమ్ముడు తిరిగొచ్చాడన్న నిజాన్ని సోదరీమణులిద్దరిలో ముందు ఆమె చేతే కనిపెట్టించాడు, ఎలక్ట్రా చేత ఆ మాటను కొట్టిపారేయించాడు.