పేరు, పని, పోషణ: నిర్మల్ కొయ్యబొమ్మ ముందుంచే నైతిక ప్రశ్న

చేతిపనిని తెలుగులో మూడు మాటలతో వ్యవహరిస్తున్నాం: కులవృత్తి, హస్తకళ, కళ. అర్థంలో ఇవి దగ్గరి మాటలే. వ్యవహారంలో మాత్రం కులవృత్తి అన్నప్పుడు పనివాడు సంక్షేమ పథకపు లబ్ధిదారు, హస్తకళ అన్నప్పుడు విక్రయశాలకు సరుకు అందించేవాడు, కళ అన్నప్పుడే తన పేరు తాను రాసుకోగల స్రష్ట. పేరును బట్టి పోషణ మారుతున్నప్పుడు, పేరు పెట్టడం వర్ణన మాత్రమే కాదు, నైతిక చర్య కూడా. నిర్మల్ కొయ్యబొమ్మ ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నకాషీలు పొనికి కర్రతో బొమ్మను మలచి, అతుకులను చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడుస్తారు. ఒకప్పటి ఆకుపసర్ల, ఖనిజాల రంగుల స్థానంలో డ్యూకో రంగులు వచ్చాయి. అయినా దీన్ని సంప్రదాయ కళ అనే అంటున్నాం. అందులో తప్పు లేదు. సంప్రదాయమంటే మారని వస్తువు కాదు, మార్పును ఇముడ్చుకోగల పనితీరు. అలాంటప్పుడు సంప్రదాయం, సమకాలీనం అనే విభజన ఏ ప్రాతిపదికపై నిలుస్తుంది?

చట్టం ఈ ప్రశ్నకు స్థలం ఆధారంగా సమాధానమిచ్చింది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 2003లో అమలులోకి వచ్చింది. నిర్మల్ బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. ఈ హక్కును అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీలులేదు. పేరును సమష్టి సొత్తుగా భావించిన ఈ నియమం ప్రశంసనీయం. అయితే చట్టం కాపాడేది పేరును. పొనికి చెట్టునూ, పనివాని కూలినీ కాపాడే బాధ్యత దానిది కాదు. కొండపల్లి బొమ్మకూ ఆ కర్రే ఆధారం. పేర్లు రెండైనా అడవి కొరత ఒక్కటే.

పేరు కొందరిని మరుగుపరచవచ్చు కూడా. గోండుల దేవతామూర్తులను, గంటలను మైనపు అచ్చుతో పోతపోసే ఓజాల పనికి 2018లో ‘ఆదిలాబాద్ డోక్రా’ అన్న గుర్తింపు లభించింది. డోక్రా అన్నది బెంగాల్, ఒడిశాల లోహకారుల సమూహం నుంచి వచ్చిన మాట. ఈ గుర్తింపులో జిల్లా ఉంది, దూరపు సమూహం పేరు ఉంది, ఓజాల పేరు మాత్రం లేదు.

గుర్తింపు లేకపోతే యంత్రపు నకళ్లు అసలును మింగేస్తాయన్న వాదన సరైనదే. అయితే అది కొనుగోలుదారుకు నిజం చెప్పడానికి సంబంధించిన వాదన, పోషణకు అర్హత నిర్ణయించే వాదన కాదు. 2023లో ప్రారంభమైన విశ్వకర్మ పథకం జాబితాలో బొమ్మల తయారీ ‘సంప్రదాయ’ అన్న విశేషణంతోనే ఉంది. నిర్మల్‌కు పొరుగున ఉన్న ఖానాపూర్‌లో, కుటుంబ వారసత్వం లేని ఒక యువతి నకాషీల వద్ద పని నేర్చి పొనికి కర్రతో కొత్త రూపాలు చెక్కిందనుకుందాం. ఆమె ఏ మాట కిందికి వస్తుంది? పుట్టుకను అడిగితే కులవృత్తి కాదు, రూపాన్ని అడిగితే సంప్రదాయం కాదు. పనిని అడిగితేనే ఆమెకు చోటు దొరుకుతుంది.

కనుక పేరు చేయవలసిన పని మూలాన్ని నిజాయితీగా చెప్పడం: ఏ ఊరు, ఏ చేతులు, ఏ కర్ర, ఏ రంగు. పోషణ చూడవలసినది శ్రమను, నేర్పును, వాటికి ఆధారమైన అడవిని. ఈ రెండింటినీ కలిపివేస్తే వారసుడు పాతరూపానికి బందీ అవుతాడు, కొత్తగా నేర్చినవారు గడప బయటే నిలిచిపోతారు.