ఛాయాచిత్రంలో సత్యం ఎవరిది?

కొత్త వస్తువు పాతదానికంటె మెరుగ్గా వుండాలని ఆశించడం మనిషికి సహజం. వాయిదాల మీద కొత్త ఫోను కొన్న విద్యార్థి, అందులో తీసిన ఫొటో తన పాత ఫోనులో తీసినదానికంటె నాసిగా వుందని వాపోతే, దాన్ని చిల్లర ఫిర్యాదుగా తోసిపుచ్చేవారు మనలో వున్నారు. దేశంలో ఇన్ని సమస్యలుండగా ఫొటో బాగా రాలేదన్న గొడవ ఏమిటని వారి ప్రశ్న. నేనలా అనుకోను. ఒక ఫిర్యాదు చిన్నదా, పెద్దదా అనేది దాని వెనకవున్న కారణాన్ని బట్టి తేలవలసిన విషయం. ఈ ఫిర్యాదు వెనక సత్యానికీ సరుకుకూ వున్న సంబంధమేమిటన్న ప్రశ్న వుంది. దానికి తోడు మరొక ప్రశ్న కూడా వుంది: సమాజం ఎవరి మాటకు సాక్ష్యం అడుగుతున్నది? ఎవరి సాక్ష్యాన్ని అందం పేరుతో చెరిపేస్తున్నది?

ముందు వస్తువును గురించి తెలుసుకుందాం. వస్తువును తెలుసుకోకుండా నీతిని గురించి మాట్లాడడం గాలిలో మేడలు కట్టడమే అవుతుంది.

ఫోను అమ్మేవాడు మొట్టమొదట చెప్పేది అంకె. 48, 64, 108, 200 మెగాపిక్సెళ్లు అంటాడు. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. చుక్కలు ఎక్కువైతే బొమ్మ స్పష్టంగా వుంటుందన్న మాట వినడానికి న్యాయంగానే వుంటుంది. కాని బొమ్మకు ముడిసరుకు చుక్క కాదు, వెలుతురు. ఫోనులో వెలుతురును పట్టే సెన్సారు పెద్ద రకమే అయినా బొటనవేలి గోరుకు మించదు. దాన్ని 20 కోట్ల గదులుగా విభజిస్తే ఒక్కొక్క గదికి దక్కే వెలుతురు అత్యల్పం. వాన కురిసేటప్పుడు వాకిట్లో ఒక గంగాళం పెడితే పడే నీళ్లు, అంత మేరలోనే వంద ఉగ్గుగిన్నెలు పెట్టినంత మాత్రాన పెరగవు గదా! అందుకనే 200 మెగాపిక్సెళ్ల ఫోను మామూలుగా 16 గదులను కలిపి ఒకటిగా లెక్కించి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే మన చేతికిస్తుంది. 108 మెగాపిక్సెళ్లది 9 గదులను కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. పద్ధతి తెలివైనదే, అందులో తప్పు లేదు. కాని డబ్బా మీద అచ్చయ్యే అంకె ఒకటి, చేతికి వచ్చే బొమ్మ మరొకటి. అర్థశాస్త్రం చదివిన మిత్రులు దీన్ని వెంటనే గుర్తుపడతారు. అంకె మారకపు విలువకు పనికివస్తుంది, బొమ్మ ఉపయోగపు విలువకు. ఏటేటా కొత్త నమూనా అమ్ముకోవలసిన పరిశ్రమకు మొదటిది పెరిగితే చాలు. రెండవది పెరిగిందా లేదా అన్నది కొన్న తర్వాత తెలిసే సంగతి.

వెలుతురు చాలని చోట బొమ్మ నిండా రేణువులు పడతాయి. ఈ లోటును గణితంతో పూడ్చడం నేర్చుకున్నారు. మనం మీట ఒక్కసారే నొక్కుతాం. ఫోను మాత్రం ఆ క్షణానికి అటూ ఇటూ అనేక ఫొటోలు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, సగటు కట్టి, రేణువులను తుడిచి, అంచులకు పదునుపెట్టి, రంగులు సరిచేసి, ఒక ఫొటోను మనకు చూపిస్తుంది. రాత్రిపూట వీధిదీపం వెలుగులో కూడా మనిషి ముఖం కనబడుతున్నదంటే అది ఈ గణితం చలవే. మానవ మేధస్సు సాధించిన ఈ విజయాన్ని కాదనడం అభ్యుదయం కాదు, ఛాందసం. నేను ఫిల్ము రీళ్ల కాలానికి పోదామని చెప్పడం లేదు.

అయితే ఈ గణితానికి ఒక బలహీనత వుంది. రేణువు ఏదో, ముడత ఏదో అన్నిసార్లూ దానికి తెలియదు. రెండూ దానికి చిన్నచిన్న వెలుగునీడల తేడాలే. సందేహం వచ్చినచోట తుడిచివేస్తుంది. నిజామాబాద్ జిల్లాలో నలభయ్యేళ్లపాటు బీడీలు చుట్టిన మా పెద్దమ్మను నా కొత్త ఫోనుతో ఫొటో తీశాను. అందం చేసే మీటను ముందే మూసివేశాను. అయినా సాయంత్రపు వెలుతురులో ఆమె చెంపల మీది ముడతలు మైనం పూసినట్లు నున్నగా వచ్చాయి. రంగు ఒక పిసరు తెల్లబడింది. చాటంత తెర మీద చూపిస్తే, ఆమె చాలాసేపు చూసి, "గిది నేను గాదు బిడ్డా. గీమె ఎవలో దొర్సాని. నా మొఖం ఏడ వోయింది?" అన్నది. పాత ఫోనులో తీసిన ఫొటోలో రేణువులు వున్నాయి గాని ఆమె కూడా వుంది. ఫోను అమ్మిన కుర్రవాణ్ణి అడిగితే, "అందరికీ ఇట్లనే నచ్చుతది సార్" అన్నాడు. ఆ కుర్రవాడిది తప్పు కాదు. అతడు ఒక సిద్ధాంతాన్ని చెప్పాడు, అంతే. ఆ సిద్ధాంతాన్నే మనం పరిశీలించాలి.

"అందరికీ నచ్చుతుంది" అన్నప్పుడు ఆ అందరూ ఎవరు? ఛాయాచిత్ర చరిత్ర ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పింది. 20వ శతాబ్దం మధ్యలో కొడాక్ సంస్థ రంగుల ఫొటోలు సరిచూసుకోవడానికి లాబొరేటరీలకు ఒక నమూనా కార్డు పంపేది. దానిమీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ వుండేది. ఆ కార్డును 'షర్లీ' అని పిలిచేవారు. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా వున్నట్లే. నల్లజాతి పిల్లల ముఖాలు బడి ఫొటోలలో కళ్లూ పళ్లూ తప్ప చీకటిగా వస్తున్నాయని తల్లులు మొరపెట్టుకున్నారు. ఆ మొర చాలలేదు. చాక్లెట్ తయారుచేసేవారూ, కలప సామాను తయారుచేసేవారూ తమ సరుకుల గోధుమరంగు తేడాలు ప్రకటనలలో సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేసిన మీదటనే ఫిల్ములో మార్పు వచ్చిందని ఆ సంస్థలో పనిచేసినవారే తర్వాత చెప్పారు. మనిషి చర్మం చెయ్యలేని పనిని చాక్లెట్ చేసింది! దీనికంటె స్పష్టంగా వర్గసమాజపు రంగు తెలియజెప్పే వుదాహరణ నాకు మరొకటి కనబడదు.

ఫిల్ము పోయింది, కార్డూ పోయింది, సగటు మాత్రం పోలేదు. 2018లో ఐఫోన్ ఎక్స్ఎస్ ముందువైపు కెమెరా ముఖాలను నున్నగా చేస్తున్నదని అనేకమంది ఫిర్యాదు చేశారు. అది కావాలని చేసిన అలంకారం కాదనీ, అనేక ఫొటోలలో మసకగా వున్నదాన్ని ఆధారంగా ఎంచుకోవడంవల్ల వచ్చిన లోపమనీ ఆపిల్ సంస్థ చెప్పి సవరించింది. 2020 సెప్టెంబరు 9న కాలిఫోర్నియా అడవుల మంటల పొగతో సాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశం పట్టపగలు నారింజరంగుకు తిరిగింది. ప్రజలు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీశారు. ఫోన్లు ఆ ఆకాశాన్ని బూడిదరంగులో చూపించాయి. ఆకాశం అలా వుండదని వాటికి నేర్పారు గనక, అవి దాన్ని 'సరిచేశాయి'. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మను వివరాలన్నీ పోయేటంత మసకచేసి, కంప్యూటరు తెర మీద పెట్టి, చీకటిగదిలో దూరంనుంచి శాంసంగ్ ఫోనుతో తీస్తే, తెర మీద లేని గుంటలూ మచ్చలూ ఫొటోలో వచ్చాయి. ఫోను చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలను మెరుగుపరుస్తుందని ఆ సంస్థే వివరించింది.

ఈ మూడు వుదాహరణలలోనూ వున్న సూత్రం ఒక్కటే. ఎదురుగా వున్నది ఎలా వుందన్నది కాదు, ఎలా వుండాలన్నదే ప్రమాణమైపోయింది. చంద్రుడి విషయంలో ఇది వినోదం. కాలుతున్న అడవి విషయంలో ఇది వినోదం కాదు. నిన్నటి ఆకాశాన్నే ప్రమాణంగా పెట్టుకున్న యంత్రం నేటి విపత్తును చూడలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. కెమెరా ఎన్నడు నిజం చెప్పింది? పాతకాలపు స్టూడియోలలో నెగటివ్ మీద పెన్సిలుతో మచ్చలు మాపలేదా? బుగ్గలకు రంగు వెయ్యలేదా? ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ తీసిన రాజభవనాల, వేటల ఫొటోలు దొరలు చూపించదలచుకున్న ప్రపంచాన్నే చూపించలేదా? ఈ వాదంలో నిజం లేకపోలేదు. ఫొటో ఎప్పుడూ ఎవరో ఒకచోట నిలబడి తీసినదే. ఎక్కడ నిలబడాలన్నది వర్గదృష్టితో ముడిపడిన విషయమే. 1943 బెంగాలు కరువులో సునీల్ జానా తీసిన ఫొటోలు కూడా ఒక పక్షం వహించి తీసినవే. ఆయన ఆకలితో చచ్చేవారి పక్షాన నిలబడ్డాడు. అవి 'పీపుల్స్ వార్' పత్రికలో అచ్చయి, కరువును కప్పిపుచ్చజూసిన ప్రభుత్వాన్ని దేశం ముందు దోషిగా నిలబెట్టాయి.

కాని దీన్‌దయాళ్‌కూ, జానాకూ, పెన్సిలు పట్టిన స్టూడియో పనివాడికీ వున్నది ఒకటి ఈ ఫోనుకు లేదు. అది జవాబుదారీ. దొరల ఫొటో చూసి ఇది దొరల దృష్టి అని మనం విమర్శించగలం. జానా ఎక్కడ నిలబడ్డాడో, ఎందుకు నిలబడ్డాడో మనకు తెలుసు. స్టూడియోవాడితో "నా పుట్టుమచ్చ ఎందుకు తీసేశావయ్యా" అని పోట్లాడి, మళ్లీ వేయించుకోవచ్చు. మా పెద్దమ్మ ముడతలు తుడిచినవాడెవడు? వాడికి పేరు లేదు. వాడు ఆమెను చూడలేదు. తాను ఏదో తుడిచానన్న సంగతి కూడా వాడికి తెలియదు. పక్షం వహించడం అబద్ధం కాదు. పక్షం వహించి, నాకు పక్షమే లేదు, నేను వట్టి యంత్రాన్ని అనడం అబద్ధం. నా దృష్టిలో ఇందులోని నైతిక సమస్య ఇదే. ఫొటోను మార్చడం నేరం కాదు. మార్చినవారు సంజాయిషీ చెప్పనక్కరలేని ఏర్పాటు చేసుకోవడం నేరం.

ఇదంతా కొనుక్కునేవాడి గొడవే అయితే ఇంత రాయనక్కరలేదు. అదే ఫోను మరొక చోట మరొక వేషంలో కనబడుతుంది. ఉపాధిహామీ పనులలో కూలీల హాజరును ఫోను ద్వారా ఫొటోలు తీసి నమోదు చేసే పద్ధతిని కేంద్రప్రభుత్వం 2021లో ప్రవేశపెట్టింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు, స్థలమూ వేళా తెలిసేటట్లు, ఫొటో ఎక్కాలని నియమం పెట్టింది. సిగ్నలు లేక, ఫోను మొరాయించి ఫొటో ఎక్కకపోతే, గునపం పట్టి మట్టి తవ్విన మనిషి ఆనాడు పనికి రానట్లే. అరచేతుల మీది బొబ్బలు సాక్ష్యం కాదు. పక్కన తవ్విన కూలీ మాట సాక్ష్యం కాదు. ఫొటో ఒక్కటే సాక్ష్యం. ఫలితమేమయింది? పనితో సంబంధం లేని ఫొటోలూ, ఫొటోకు తీసిన ఫొటోలూ ఎక్కుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. ఇకమీదట వాటిని మనుషులు చూసి సరిచూడాలని ఆదేశించింది. మనిషి మాటను నమ్మక యంత్రాన్ని పెట్టి, చివరకు ఆ యంత్రాన్ని నమ్మడానికి మళ్లీ మనిషినే పిలిచారన్నమాట.

ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సరుకు కొనేవాడితో ఫోను ఇలా అంటున్నది: "నిజంతో నీకేం పని? అందంగా వుంటే చాలదా?" కూలి అడిగేవాడితో అదే ఫోను ఇలా అంటున్నది: "నీ మాట నాకక్కరలేదు. ఫొటోయే నిజం." కొనేవాడి దగ్గర సత్యాన్ని సడలించారు, పనిచేసేవాడి దగ్గర బిగించారు. ఒకే వస్తువు రెండు నీతులు చెబుతున్నప్పుడు, ఆ రెండింటివల్లా లాభపడేది ఎవరో వెతకడం మన ధర్మం. మొదటి నీతి సరుకును అమ్ముతుంది. రెండవ నీతి కూలిని కోస్తుంది. ఇందులో గణితం దోషమేమీ లేదు. గణితాన్ని ఎవరి చేతిలో పెట్టామన్నదే ప్రశ్న.

మరొక ప్రమాదం కూడా వుంది. ప్రతి ఫొటోకూ ఎంతోకొంత మెరుగు దిద్దుతారన్న సంగతి అందరికీ తెలిసిపోయాక, నిజమైన ఫొటోను అబద్ధమని కొట్టివేయడం బలవంతులకు సులభమవుతుంది. లాఠీ దెబ్బ తిన్న విద్యార్థి ఒంటిమీది వాత ఫొటోను చూపించి, ఇది ఫోను సృష్టి అని అధికారి అనగలడు. మెరుగు దిద్దిన ప్రపంచంలో నష్టపోయేది మెరుగు అక్కరలేనివారే.

మరి మనం చెయ్యవలసిందేమిటి? ఫోన్లు విసిరికొట్టమని నేను చెప్పను. సెన్సారు పట్టినది పట్టినట్లుగా, మెరుగులు దిద్దకుండా దాచుకునే వీలు ఇప్పటికే కొన్ని ఫోన్లలో వుంది. అది ఖరీదైన సౌకర్యంగా గాక ప్రతి ఫోనులోనూ హక్కుగా వుండాలని అడగాలి. ఏది చూసినది, ఏది వూహించి చేర్చినది అన్న సంగతి ఫొటోతోపాటే తెలియాలని అడగాలి. కూలి డబ్బుకు ఫొటో ఒక్కటే ఆధారం కాకూడదనీ, పనిచేసినవారి మాటకూ తోటివారి మాటకూ విలువ వుండాలనీ అడగాలి. మన కళాశాలల్లో భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులు కటకాల సూత్రాలతోపాటు ఈ సగటు లెక్కను కూడా విద్యార్థులకు విప్పి చెప్పాలి. యంత్రం ఎలా చూస్తుందో తెలిసినవాడే దాన్ని నిలదీయగలడు.

ఫొటో బాగా రాలేదన్న అసంతృప్తిని మనం చిన్నచూపు చూడకూడదు. తన కళ్లకు కనబడినదానికీ, తన చేతికి ఇచ్చినదానికీ మధ్య తేడాను గమనించిన మనిషి అసంతృప్తి అది. ఆ తేడాను ఒక్క ఫోనులోనే గమనించి వూరుకుంటే, వచ్చే ఏడు మరొక ఫోను కొంటాడు. అదే తేడాను హాజరుపట్టీలో, వార్తాపత్రికలో, ప్రభుత్వ ప్రకటనలో కూడా గమనించడం నేర్చుకుంటే, కొనుగోలుదారు పౌరుడవుతాడు.