నీ పేరేమిటి నాయనా?



మార్కు సువార్త ఐదవ అధ్యాయంలో గెరాసేనుల సీమకు చెందిన ఒక మనిషి కనబడతాడు. ఊరి బయట సమాధుల నడుమ అతని నివాసం. రాత్రనక పగలనక కేకలు వేస్తూ, రాళ్ళతో తన ఒంటిని తానే గాయపరచుకునేవాడు. ఊరివారికి తెలిసిన ఉపాయం ఒక్కటే: గొలుసులు. ఎన్నిసార్లు కట్టినా అతడు తెంచుకునేవాడు. ప్రభువు పడవ దిగి అతని ఎదుట నిలిచినప్పుడు గొలుసు సంగతి ఎత్తలేదు. అతని పేరేమిటని అడిగాడు.

ఈ సువార్తను నేను బలిపీఠం దగ్గర ఎన్నోసార్లు చదివాను, ప్రసంగాలు చేశాను. కానీ ఆ ప్రశ్న విలువ నాకు తెలిసింది ఒక ఆసుపత్రి వరండాలో. చెప్పినది గొప్ప పండితులెవరో కాదు, ఒక సోషల్ వర్కరు. ఆ కుటుంబం అనుమతి తీసుకుని, ఎవరో గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి ఈ సంగతి రాస్తున్నాను.

మన కాశిబుగ్గలో ఒక ఇల్లు. తండ్రి ఎనుమాముల మార్కెట్లో హమాలీ. కొడుకు ఇంటర్మీడియట్. ఒక ఆదివారం పూజ అయ్యాక తల్లి నా దగ్గరకు వచ్చింది. "ఫాదరూ, పోరడు నెల దినాల సంది సరిగ తింటలేడు. రాత్రి పండుకుంటలేడు. ఎవలతోని మాట్లాడ్తలేడు. గాలి సోకిందంటున్రు మావోళ్ళు. నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యుండ్రి" అన్నది. అబ్బాయిని పిలిచి ప్రార్థించాను. అందులో తప్పు లేదు. తప్పంతా ఆ తర్వాత నేనన్న మాటలో ఉంది. "మీ నాయన నీ కోసం మిర్చి బస్తాలు మోస్తున్నడు. నువ్వు ఇట్ల మూతి ముడుచుకుని కూసుంటే ఎట్ల? జపమాల చెప్పుకో, చదువు మీద మనసు పెట్టు" అన్నాను. అతడు తల వంచి "సరే ఫాదర్" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారాలు గాయక బృందంలో కనబడలేదు. నా పని నేను చేశానని ఊరుకున్నాను.

కొన్ని వారాల తర్వాత ఒక రాత్రి తండ్రి నా తలుపు తట్టాడు. కొడుకు నోటు పుస్తకంలో, తాను లేకపోతే అందరూ సుఖంగా ఉంటారని రాసుకున్న మాట చెల్లెలి కంట పడింది. ఆ రాత్రి అబ్బాయిని ఒంటరిగా విడవలేదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోయాం. మానసిక వైద్యుడు చూసి, మందు రాసి, సోషల్ వర్కరు దగ్గరకు పంపాడు. ఆమె ముందుగా అబ్బాయిని ఒక్కణ్ణే లోపలికి పిలిచింది. లోపల ఏం జరిగిందో అతడే తర్వాత నాకు చెప్పాడు. ఆమె అడిగిన మొదటి మాట: "నిన్ను ఏమని పిలువాలె?" అతడు ఎదురడిగాడట: "ఎక్కడ మేడం? ఇంట్ల ఒక పేరు, గుళ్ళె ఒక పేరు, కాలేజీల ఒక పేరు."

తల్లిదండ్రులారా, మన విచారణల్లో ఈ జవాబు అర్థం కాని ఇల్లు ఉందా? జ్ఞానస్నానపు పేరు ఒకటి, రిజిస్టరులో పేరు మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు రాలేదు. ఎస్సీల నుండి క్రైస్తవులైన వారిని మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కిస్తారు. దీని న్యాయాన్యాయాలు వేరే చోట చర్చించుకుందాం. కానీ ఈ భారం మోస్తున్నది పదహారేళ్ళ పిల్లలు. స్నేహితుడు "ఆదివారం ఎటు పోతవు?" అని అడిగితే ఏం చెప్పాలి? సర్టిఫికెట్ మీద ఉన్నదే నేనా, పీఠం ముందు మోకరించినదే నేనా? ఆ అబ్బాయి ఏడాదిగా గుడికి వస్తున్న సంగతి కళాశాలలో దాచాడు. రెండు సబ్జెక్టులు తప్పిన సంగతి ఇంట్లో దాచాడు. తన బాధను నా దగ్గర దాచాడు. ముగ్గురి దగ్గర మూడు ముఖాలు. సువార్తలోని ఆ మనిషి కూడా తాను ఒక్కడు కాడనీ, ఒక సేన అనీ కదా జవాబిచ్చాడు!

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో "నేనెవరు?" అన్న ప్రశ్న మీద మేము గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. అది పుస్తకాల ప్రశ్న అనుకున్నాను. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లో వెలువరించిన గ్రంథంలో, కౌమారంలో ప్రతి బిడ్డా తేల్చుకోవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇదేనని వివరించాడు. తేలని నాడు మనసు చెదురుతుంది. పిల్లలు ఇంట్లో పలకలేని ప్రశ్నలు ఇంకా ఉంటాయి: తమ శరీరాన్ని గురించి, తమ మనసు ఎవరి వైపు మొగ్గుతున్నదన్న దాన్ని గురించి. అటువంటి బిడ్డలను అవమానించక, గౌరవంగా, కనికరంతో చేరదీయమనే శ్రీసభ సత్యోపదేశం మనకు నేర్పుతున్నది.

ఇంతకూ ఈ సోషల్ వర్కరు చేసే పని ఏమిటి? వైద్యుడు జబ్బును చూస్తాడు, మందిస్తాడు. సోషల్ వర్కరు ఆ మనిషిని అతని ఇంటితో, బడితో, వీధితో కలిపి చూస్తుంది. 1917లో మేరీ రిచ్మండ్ అనే అమెరికా వనిత ఈ పద్ధతిని శాస్త్రంగా రాసిపెట్టింది. మన దేశంలో 1936లో బొంబాయిలో దీనికి మొదటి కళాశాల వెలసింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో మానసిక వైద్యానికి సంబంధించిన సోషల్ వర్కులో ప్రత్యేక శిక్షణ ఉంది. ప్రభుత్వం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాలతో మొదలుపెట్టినప్పుడు అందులో మన మెదక్ ఒకటి.

మా అబ్బాయి విషయంలో ఆమె ఏం చేసిందో చెబుతాను. తల్లిదండ్రులను వేరుగా కూర్చోబెట్టి, కాగితం మీద కుటుంబ వృక్షం గీసింది. ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరు ఎవరితో మాట్లాడరు అని అడిగింది. "నా లెక్క హమాలీవి కావొద్దు బిడ్డా" అని తండ్రి రోజూ అనేవాడు. అది ప్రేమతో అన్న మాటే. కొడుకు చెవికి మాత్రం "నువ్వు చాలవు" అని వినబడింది. ఈ సంగతి తెలిసి ఆ తండ్రి అక్కడే ఏడ్చాడు. ఇంట్లో పురుగుమందు ఉందా అని అడిగి, సొంతూరి పొలం కోసం కొని పెట్టిన డబ్బాను ఆ రోజే ఇంటి నుండి తీయించింది. అబ్బాయి ఒప్పుకున్నాకే కళాశాలలో ఒక అధ్యాపకుడితో మాట్లాడింది. మనసు మరీ బరువెక్కిన రాత్రి ఎవరికి ఫోను చేస్తావని అడిగి, మూడు పేర్లు అతని చేతనే రాయించింది. మేనమామ, ఒక స్నేహితుడు, ఆ అధ్యాపకుడు. విచారణ గురువు పేరు అందులో లేదు. ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రియమైనవారలారా, సువార్తలో దయ్యాల మాట ఉంది కదా అని పిల్లల ప్రతి బాధనూ దయ్యంగా ఎంచకండి. నిద్ర రాకపోవడం, ఆకలి చావడం, నలుగురిలో కలవలేకపోవడం వ్యాధి లక్షణాలు కావచ్చు. ప్రార్థన మానమని నేను చెప్పను. మందు మానిపించి ప్రార్థన చేయించేవారి దగ్గరకు మాత్రం పోవద్దంటాను. దైవకృప మన ప్రకృతిని తోసివేయదు, దానిని నిండుగా చేస్తుందని పునీత తోమాస్ అక్వినాసు బోధించాడు. వైద్యమూ ఆ ప్రకృతిలోని భాగమే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మనోరోగులు అగ్నిప్రమాదంలో కదలలేక ప్రాణాలు విడిచారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రభువు రెండు వేల ఏళ్ళ కిందటే ఆ గొలుసులను పక్కన పెట్టాడు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. 2019 ఏప్రిల్ 18న మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఆ తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి తిరిగి చూస్తే 99 మార్కులని తేలింది. తప్పినవారందరి జవాబు పత్రాలను మళ్ళీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఒక బిడ్డ నిర్ణయం వెనుక ఒకే కారణం ఉండదు. కానీ బిడ్డ విలువ ఆ కాగితంలోనే ఉందని పెద్దలమే నేర్పితే, ఆ కాగితం తప్పిన రోజున బిడ్డకు ఏం మిగులుతుంది?

అటువంటి దుఃఖం అనుభవించిన ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. మీకొక మాట. పూర్వపు శ్రీసభ చట్టం అటువంటి మృతులకు క్రైస్తవ భూస్థాపన నిరాకరించేది. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక క్షోభ మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ, వారి రక్షణ విషయంలో ఆశ వదులుకోరాదనీ సత్యోపదేశం బోధిస్తున్నది. ఆ తల్లులను వేలెత్తి చూపేవారు శ్రీసభ పేరు మీద మాట్లాడటం లేదు.

తల్లిదండ్రులకు నా విన్నపాలు కొన్నే. బిడ్డ చెబుతున్నప్పుడు మధ్యలో బుద్ధులు చెప్పకండి. చావాలని ఉందా అని నెమ్మదిగా, సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. "ఉంది" అంటే ఒంటరిగా విడవకండి, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోండి. మన ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ నంబరు 14416. రాత్రైనా పగలైనా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. సోషల్ వర్కరు మీ సంగతి వీధిలో చెప్పదు. అయితే ఆమె గోప్యత పాపసంకీర్తన రహస్యం వంటిది కాదు. ప్రాణాపాయం ఉంటే కాపాడగలిగిన వారికి చెబుతుంది. అది బిడ్డ మేలు కోసమే.

ఆ అబ్బాయి ఇంకా మందు వాడుతున్నాడు. ఒక సబ్జెక్టు పాసయ్యాడు, ఇంకొకటి మిగిలి ఉంది. మొన్న పూజ తర్వాత నేనే అతని దగ్గరకు వెళ్ళి, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాను. నవ్వాడు. గాయక బృందానికి ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

గెరాసేనుల సీమలోని ఆ మనిషి బాగుపడ్డాక ప్రభువు వెంట వస్తానన్నాడు. ప్రభువు అతణ్ణి తన వెంట తీసుకుపోలేదు, సొంతవాళ్ళున్న ఇంటికి పంపాడు. స్వస్థత పూర్తయ్యేది ఇంట్లోనే. మన బిడ్డలు తిరిగి వచ్చే నాటికి, ఒకే పేరుతో, ఒకే ముఖంతో నిలువగలిగే ఇళ్ళుగా మన ఇళ్ళను ప్రభువు దీవించును గాక. ఆమెన్.