సంగ్రహము – సారము

తెలుగు బాలుడు బడిలో చేరిన తొలినాళ్లలోనే అచ్చులు, హల్లులు అను రెండు మాటలు నేర్చును. ఆ మాటల పుట్టుక యెట్టిదో వానికి తెలియదు. నేర్పువారును తరచుగా చెప్పరు. పాణిని మహర్షి వ్యాకరణమునకు ఆధారముగా వర్ణములన్నియు 14 సూత్రములలో కూర్పబడియున్నవి. అవి పరమేశ్వరుని ఢమరుకనాదము నుండి వెలువడినవని సంప్రదాయము నమ్మును గనుక వానికి మాహేశ్వర సూత్రములని పేరు. మొదటి నాలుగింట స్వరములు, తక్కిన పదింట వ్యంజనములు. తొలి సూత్రపు అకారమును, నాలుగవ సూత్రపు చివరనున్న చకారమును జతచేసి "అచ్" అన్నచో నడుమనున్న స్వరములన్నియు వచ్చి నిలుచును. "హల్" అన్నచో వ్యంజనములన్నియు కూడివచ్చును. ఇట్టి పొదుపుతోనే ఆ మహనీయుడు రమారమి 4,000 సూత్రములలో ఒక మహాభాష నిమిడ్చెను.

కాని ఆ సూత్రము తనంత తాను విచ్చుకొనదు. దానికి వృత్తి కావలెను, పతంజలి భాష్యము కావలెను, అన్నిటికంటె ముందు ఎదుట కూర్చుండి చెప్పు గురువు కావలెను. సూత్రము నెరిగినవానికి అది మహోపకారము. ఎరుగనివానికి గట్టిగా మూసిన తలుపు. ఇది సూత్రకారుని దోషము కాదు. ఆయన వ్రాసినది విద్యార్థుల కొరకు. సంతలోని జనుల కొరకు కాదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టు చేరినవారు వేరు. బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, మోకులు పేనిన నులియ చందయ్య మొదలగువారు పగలెల్ల చేతిపనిలో నుండెడివారు. కామికము మొదలు వాతులము వరకు శైవాగమములు 28. అవి సంస్కృతమున నున్నవి. పొద్దుగూకువరకు రేవులో నిలిచిన మనుష్యుడు వానిని ఎప్పుడు చదువును? ఎవరు చదువనిత్తురు? ఈ జనులకు ధర్మమును చెప్పవలసివచ్చినపుడు బసవేశ్వరుడు చేసిన సంక్షేపము ఒకటి గలదు. కన్నడదేశమున దానిని కంఠస్థము చేయని శరణుల యిల్లు అరుదు.

అందులో నిషేధములు ఏడు. దొంగతనము, హత్య, అసత్యము, కోపము, ఇతరుల యెడ అసహ్యము, ఆత్మస్తుతి, ఎదుటివాని నింద: ఈ ఏడును వలదనెను. అంతరంగ శుద్ధియు ఇదియే, బహిరంగ శుద్ధియు ఇదియే, కూడలసంగమదేవుని మెప్పించు మార్గమును ఇదియే యని ముగించెను. అంతే.

పైపైన చూచినచో ఇవి ఏ మతమువారైనను చెప్పునట్టి నీతులే యని తోచును. నిదానించి చూడవలెను. మొదటి మూడును లోకము కంటికి దొరకునవి. దొంగను తలవరి పట్టును, హంతకుని రాజు దండించును, అసత్యము నేడో రేపో బయటపడును. నాలుగవదానితో వరుస తిరిగినది. కోపమును అణచుకొని నవ్వువాని నెవడు పట్టగలడు? పక్కన కూర్చున్నవానిని చూచి లోలోపల ముడుచుకొనిపోవు మనస్సుపై ఏ రాజు నేరము మోపగలడు? మూడడుగులలో బసవేశ్వరుడు మనుష్యుని వీథి నుండి ఇంటిలోనికి, ఇంటి నుండి గుండెలోనికి కొనిపోయెను. శుద్ధిని చెప్పినపుడు మాత్రము అంతరంగమును ముందుంచి, బహిరంగమును తరువాత నిలిపెను.

అయిదవది ఈ యేడింటిలో మిక్కిలి బరువైనది. అసహ్యము అను మాట ఆ కాలపు సంఘమున గాలిలో తేలిన మాట కాదు. ఎవరి నీడ పడరాదో, ఎవరి చేతినీరు త్రాగరాదో నిర్ణయించినది ఆ భావమే. అంత్యజుడైన శివనాగుమయ్యను బసవేశ్వరుడు ఆదరించెనని కినిసి కొందరు బిజ్జలునితో కొండెములు చెప్పిన కథ బసవపురాణమున గలదు. ఆ కథ తెలిసినవానికి "అసహ్యము వలదు" అను మాట ఒక తీరుగ వినబడును. తెలియనివానికి ముక్కు మూసుకొనవలదను మర్యాదగా మాత్రమే వినబడును.

ఆరవదానిని ఏడవదానిని పక్కపక్కన నిలుపుటయు ఊరక జరిగినది కాదు. తన్ను పొగడుకొనువానికి కొలబద్దగా మరియొకడు కావలెను. వానిని కొంత క్రుంగదీయనిదే తాను ఎత్తుగా కనబడడు. ఇచ్చట బసవేశ్వరుడు వాడిన కన్నడపదము "ఇదిరు". అది మన "ఎదురు"నకు తోబుట్టువు. నింద వలదన్నది ఎచ్చటనో యున్న పరాయివానిని గూర్చి కాదు, ఎదుట నిలిచినవానిని గూర్చి. దూరమున నున్నవానిని క్షమించుట అందరికిని సులభమే!

సంగ్రహమున చెప్పినది ఎంత ముఖ్యమో విడిచినది అంత ముఖ్యము. ఈ వచనమున కులము లేదు, గుడి లేదు, వేషము లేదు. మరి ఇష్టలింగమును లేదు. అంతమాత్రమున ఇష్టలింగము వలదనెనని వాదించువారు, ఆయన తక్కిన వచనములు 1,400 వరకు గలవని మరచినవారు. ఒక్క వచనము ఒక్క గవాక్షము. గవాక్షమునుండి కనబడనంత మాత్రమున పెరటిలోని చెట్టు లేకపోదు.

పెద్దదానిని చెప్పగలిగినవాడే చిన్నదానిని చెప్పుటకు తగినవాడు. పాల్కురికి సోమనాథుడు బసవేశ్వరుని చరిత్రమును ఏడాశ్వాసముల ద్విపదగా పాడెను; ఆ బసవనినే అష్టకముగాను కీర్తించెను. సారమను మాటను పేరుననే నిలుపుకొన్న కృతులు, అనుభవసారము, చతుర్వేదసారము, ఆయనవియే. విస్తరమెరిగిన చేయి కనుకనే ఎక్కడ ఆపవలెనో ఆ చేతికి తెలిసినది.

పెద్దలు మనకు మరికొన్ని సంగ్రహములను ఇచ్చిరి: అష్టావరణములు, పంచాచారములు, షట్స్థలములు. సిద్ధాంతశిఖామణి విప్పి చెప్పిన 101 స్థలములు ఆరింటిలో ఒదిగినవి. ఇవి వ్రేళ్లపై లెక్కించుటకు అనువైనవి. అనువైనవి గనుకనే చిక్కు వచ్చుచున్నది. దీక్షాదినమున బాలుడు గురువు, లింగము, జంగమము మొదలుకొని ఎనిమిది పేర్లను ఊపిరి తిప్పుకొనకుండ అప్పగించును. బంధువులు మురిసిపోవుదురు. పంచాచారములును అట్లే చెప్పును. "నాయనా, భృత్యాచారమనగా నేమి?" అని ఎవరైన అడిగినచో బాలుడు తండ్రి వంక చూచును, తండ్రి జంగమయ్య వంక చూచును, జంగమయ్య మంచివాడైనచో భోజనములకు వేళ మించినదని మాట తప్పించును. శరణుల యెదుట తాను సేవకుడనను వినయమే భృత్యాచారము. అది ఆ పందిటిలోనే, ఆకులు వేయుచు నీళ్లు పోయుచు తిరుగుచున్నవారి చేతులలో నున్నది. పేరు పలికినవానికి చూపినవారు లేరు.

నేడు వేయి పుటల గ్రంథమును నిమిషములో పది పంక్తులకు కుదించి యిచ్చు యంత్రములు అందరి చేతులలోనికి వచ్చినవి. వానిని నిందింప పనిలేదు. తొందరలో నున్నవానికి దారి చూపును. అయితే బసవేశ్వరుని ఏడు మాటలును అట్లు కుదించినవి కావు. గ్రంథమును కుదించినచో పుటలు తగ్గును. ఆయన కుదించినది బ్రతుకును. కావుననే విప్పుటకును బ్రతుకే కావలెను. ఏడింటిలో మిక్కిలి సులభమని తోచు మొదటి మాటనే తీసికొందము. దొంగతనము వలదు. ఇందులో తెలియనిది ఏమున్నది? ఒకరి సొమ్ము తీయరాదు. ఇంతేగదా యని దాటిపోవుదుము.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. భార్య లక్కమ్మ ఆ బియ్యమును వండి జంగములకు దాసోహము చేసి, ప్రసాదమును తాము స్వీకరించెడిది. రాలినవి ఎవరివియు కావు. ఏరుకొనుటకు అడ్డు చెప్పువారు లేరు. ఒకనాడు మారయ్య ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ ఒడి చూచినది. సంతోషింపలేదు. ఆనాటికి కావలసిన కొలత ఆమెకు తెలియును. ఆ మిగులు చూచి ఆమె మనస్సు కలతపడినది. ఈ ఆశ యెవరిదని భర్తను నిలదీసినది. ఆశ రాజులకు గాని శివభక్తులకు తగునా యని ప్రశ్నించినది. మనకు మన కొలత చాలును, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసిరమ్మనినది.

మారయ్య మారుపలుకక ఆ బియ్యమును తీసికొని మరల మహామనె వైపు నడచెను.