భోగిమంటలో ఏం వెయ్యాలి?

పాతదాన్ని వదిలించుకోవడం మంచిదేనా? ఇదీ ఒక ప్రశ్నేనా, భోగి పండుగ ఉన్నదే అందుకు కదా అంటారు చాలామంది. ధనుర్మాసం చివరి రోజు చీకటి ఉండగానే లేచి, ఇంట్లో పనికిరానివన్నీ వీధిలో పోసి నిప్పుపెట్టి, చలి కాచుకుని తలంటు పోసుకుంటే పాత పోయినట్లే. బరంపురంలోనో షోలాపురంలోనో ఉన్న మీ సంగతి ఎట్లా ఉందో గాని, మా హోసూరులో మాత్రం జనవరి వస్తే ఈ ప్రశ్న వీధిలోకి వస్తుంది. తేలిగ్గా తేలదు.

మా ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. చలి బాగానే ఉంటుంది. చలిరాత్రుల్లో నేలను అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. దానిపైన వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. ఆ మూత కింద లేచిన పొగ పైకి పోలేక, ఎండెక్కేదాకా వీధిలోనే తారాడుతుంది. మన భోగిమంట వేసేది సరిగ్గా ఆ వేళలోనే. 2018లో మంచుకు భోగిపొగ తోడై చెన్నై విమానాశ్రయంలో విమానాల రాకపోకలే చిక్కుబడ్డాయి.

మంట కొత్తది కాదు, మంటలో వేసేవి కొత్తవి. ఒకప్పుడు చిరిగిన ఈతచాప, అరిగిన పొరక, చివికిన వెదురు చేట, విరిగిన మంచంకోడు, గొబ్బిపిడకల దండలు వేసేవాళ్ళు. అన్నీ నేలలోంచి వచ్చినవే, బూడిదై నేలకే పోయేవి. ఆ బూడిదతో గిన్నెలు తోముకుని, మిగిలింది పెరట్లో చిక్కుడుపాదుకు చల్లేవాళ్ళు. ఇప్పుడు చాప ప్లాస్టిక్, పొరక నైలాన్, దిండు స్పాంజి. వీటికి తోడు పిల్లలు దొర్లించుకొచ్చే పాత టైర్లు. టైరు పొగలో గంధకం ఉంటుంది, పి.వి.సి. కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరీ డయాక్సిన్లూ పుడతాయి. ఆ బూడిదతో ఎవరూ గిన్నె తోమరు. ఆచారం అదే అనుకుంటున్నాం గాని, చేస్తున్న పని అది కాదు.

మా వీధిలో ఉబ్బసం ఉన్న పెద్దాయన ఒకరున్నారు. భోగి ముందురోజే కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుంటారు. వీధివాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈసారి టైర్లు వద్దన్నాను. ఒక కుర్రవాడు వెంటనే అడిగాడు: “ఒక్కరి ఊపిరి కోసం వీధంతా పండగ మానుకోవాల్నా అన్నా?”

పొగరుగా అడిగిన మాట కాదు. నిజంగా అడగాల్సిన మాటే. పదిమంది సంతోషాన్నీ ఒకరి బాధనూ తక్కెడలో వేసి తూచవచ్చునా? నా మటుకు నాకు, తూచే ముందు తక్కెడలో ఏం పెట్టామో చూసుకోవాలనిపిస్తుంది. పదిమంది సంతోషం మంట వెచ్చదనంలో ఉంది, పిల్లల డప్పుల మోతలో ఉంది, తెల్లారకముందే అందరూ ఒకచోట చేరడంలో ఉంది. టైరులో లేదు. టైరు వేసేది సంతోషం కోసం కాదు, దాన్ని పారేసే చోటు తెలియక. అంటే ఒక పక్క ఉన్నది పదిమంది సంతోషం కాదు, పదిమంది వీలు. వీలుకూ ఊపిరికీ తూకం అక్కరలేదు.

కాని వాదన అక్కడితో అయిపోదు. కట్టెపొగ కూడా ఆయనకు మంచిది కాదు. అప్పుడు నిజంగానే సంతోషమూ బాధా ఎదురెదురు నిలబడతాయి. ఇంటింటికీ కాకుండా వీధికంతా ఒకటే మంట, అదీ వీధి చివర, ఎండుకట్టెతో, చిన్నది అనుకున్నాం. పెద్దాయనే మా చిక్కు చూసి, “వేసుకోండి నాయనా, చలి తగ్గినాక నేనూ వచ్చి చూస్తాను” అన్నారు. అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. నాకు మాత్రం ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఆయన ఒప్పుకున్నారు గనక మనకు హక్కు వచ్చిందా? బాధపడేవాడి మంచితనాన్ని అనుమతి కింద లెక్కవేసుకోవడం న్యాయంగా తోచదు. చిన్నమంటతో సరిపెట్టుకుంటున్నామంటే, ఏటేటా ఆయనకు కొంచెం బాకీ పడుతున్నామనే అర్థం. ఆ బాకీ ఉందని ఒప్పుకునే మంట వేయాలి.

ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు ‘అవ్వల కాలమే మేలు’ అంటారు. ఈ చలికాలం అనపకాయల కాలం కూడా. పితికిపప్పు ఒలిచి, తొక్కలు ఆవుకు వేసి, కడుగునీళ్ళు కుడితితొట్టిలో పోసి, పాత చీరలతో బొంత కుట్టుకుని కప్పుకున్న ఆ ఇళ్ళలో చెత్త అన్నదే లేదు. నిజమే. కాని ఆ మాట అనేది ఎక్కువగా మగవాళ్ళే. ఊదుగొట్టం పట్టుకుని పచ్చికట్టెల పొయ్యి ముందు కళ్ళు మండించుకున్నవాళ్ళు అనగా నేను వినలేదు. ఆ పొదుపు వాళ్ళు కోరుకున్నది కాదు, లేమి చేయించింది. వేరే దారి లేనివాడు చేసినదాన్ని గుణమని పొగడవచ్చునా?

పొగడకూడదనే చాలాకాలం అనుకున్నాను. తర్వాత మా అమ్మను చూసి ఆ మాట అంత గట్టిగా అనలేకపోతున్నాను. గ్యాసు పొయ్యి వచ్చింది, బీరువా నిండా చీరలొచ్చాయి. అయినా పాత చీర పారేయబోతే చెయ్యి పట్టుకునేది. “ఇంకా గుడ్డ గట్టిగానే ఉంది కదరా” అనేది. లేమి పోయాక కూడా ఆ చెయ్యి మారలేదు. లేమిలో మొదలైనా, అప్పటికి అది ఆమె సొంతమైంది. దాన్ని గుణం కాదంటే ఇంకేమనాలి?

పసుపుసంచి కథ కూడా అలాంటిదే. తమిళనాడు పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇచ్చే ఆ గుడ్డసంచి చేతిలో ఉంటే పల్లెటూరివాడని నవ్వేవాళ్ళు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2019 జనవరి 1 నుంచి నిషేధం వచ్చింది. 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’, అంటే ‘మళ్ళీ పసుపుసంచి’, అని ప్రభుత్వమే పిలుపునిచ్చింది. నామోషీగా పోయింది పథకమై తిరిగొచ్చింది. నవ్వినవాళ్ళలో కొందరు ఇప్పుడు దాన్ని అందరికీ కనబడేలా పట్టుకు తిరుగుతున్నారు. ఎలా వచ్చినా సంచి సంచే.

భోగినాడు మన తమిళ ఇరుగుపొరుగులు పాత పోతుంది, కొత్త వస్తుంది అన్న మాట చెప్పుకుంటారు. అది పుట్టింది పండుగ కోసం కాదు. 13వ శతాబ్దంలో పవణంది రాసిన ‘నన్నూల్’ వ్యాకరణంలోది. కాలాన్నిబట్టి పాత పదాలు పోవడం, కొత్తవి రావడం తప్పు కాదని చెప్పే సూత్రం. తమిళం విషయంలో ఆ మాట బాగుంది. దాని ఇంట్లో పాత పోతే, వచ్చే కొత్త కూడా చాలావరకు ఆ ఇంటిదే. మనకు అలా కాదు. చేట మంటలోకి పోయిననాడే ‘చెరగడం’ పోయింది. బొంత పోయాక ‘మాటు’, ‘అతుకు’ ఎవరికి కావాలి? వాటి చోట వచ్చిన వస్తువులకు మా పిల్లలకు తెలుగు అక్కరలేదు. ఇంగ్లీషు పేరో తమిళం పేరో వాటితోనే వస్తుంది. అందుకే ఆ సూత్రానికి తలూపేముందు నేను కాస్త ఆగుతాను. మొత్తం మీద చూస్తే మంటలో వేసేది వస్తువును మాత్రమే కాదు.

కిందటి భోగికి మా వీధిలో రెండు మోపుల కొబ్బరిమట్టలు, గొబ్బిపిడకలు, ఒక పాత చేట కాల్చాం. టైర్లు వేయలేదు. ఆ కుర్రవాడు తెచ్చిన రెండూ అతని ఇంటి వెనకే పడి ఉన్నాయి. పాత సామాన్లవాడు వద్దన్నాడు, చెత్తబండివాళ్ళు ముట్టుకోలేదు. వానలు మొదలైతే వాటిలో నీళ్ళు నిలిచి దోమలు పుడతాయి, అప్పుడేం చేయాలన్నా అని అతను అడుగుతున్నాడు. ఈ ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.